మూత్రనాళం ఒకటా, రెండా, మూడా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో మూత్రవ్యవస్థ జబ్బుల మీద అర పేజీ వ్యాసం వేశారు. బొమ్మ బాగుంది. అక్షరాలు నా కళ్లకు అందేంత పెద్దవిగా ఉన్నాయి. రాసినవారు కూడా విషయం తెలిసినవారే, సందేహం లేదు. అయినా నేను పెన్సిలు పుచ్చుకుని చదవాల్సి వచ్చింది. మొదటి పేరాలో "మూత్రనాళంలో రాయి అడ్డుపడితే భరించలేని నొప్పి వస్తుంది" అని ఉంది. మూడో పేరాలో "మూత్రనాళ ఇన్ఫెక్షన్లు ఆడవాళ్లలో ఎక్కువ" అని ఉంది. చివరికొచ్చేసరికి "కొందరు మగవాళ్లలో మూత్రనాళం సన్నబడి ధార పలచనవుతుంది" అని ఉంది.

ఈ మూడు మూత్రనాళాలూ ఒకటి కాదండీ. మొదటిది కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టం. రెండోది అసలు గొట్టమే కాదు, కిడ్నీల దగ్గర్నుంచి బయటి ద్వారం దాకా ఉన్న వ్యవస్థ మొత్తం. మూడోది మూత్రాశయం నుంచి బయటికి వచ్చే దారి. రాసినాయనకు ఎక్కడేమిటో తెలుసు కాబట్టి ఆయనకు ఇబ్బంది లేదు. చదివేవాళ్లు మాత్రం అన్నీ ఒకే గొట్టం అనుకుంటారు. నా పక్కన కూర్చుని చదివిన మావారు అలాగే అనుకున్నారు. "అయితే ఈ నాళానికి అన్ని రోగాలూ వస్తాయన్నమాట, పాపం" అన్నారు.

ఇదేదో పండితుల పట్టింపు అనుకోకండి. నేను పండితురాలిని కాను. ల్యాబ్ టెక్నీషియన్‌గా 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ముప్పాతిక భాగం మూత్ర పరీక్షల బల్ల దగ్గరే గడిచింది. మా తోటివాళ్లంతా రక్త పరీక్షల వైపు వెళ్లేవారు, అక్కడ కాస్త మర్యాద ఎక్కువని. నాకు ఈ బల్లే నచ్చింది. సీసాను చేతిరుమాల్లో చుట్టి తెచ్చి, బల్ల మీద పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుని "అమ్మా, అదీ..." అనేవారు. ఆ "అదీ" తర్వాత వచ్చే మాటలు వినడమే నాకు పెద్ద చదువైంది. "ఒంటికి పోతే మంట." "చుక్క చుక్కగా పడుతోంది." "వచ్చినట్టే ఉంటుంది, తీరా కూర్చుంటే రాదు." "తలుపు దాకా వెళ్లేలోపే అయిపోతోంది." "దగ్గితే జారిపోతోంది." డాక్టర్లు ఈ అయిదింటికీ అయిదు వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. పేర్లు తెలియకుండానే మనవాళ్లు తేడా చెప్పేశారు. కాబట్టి జబ్బు లక్షణాలు చెప్పడానికి తెలుగు చాలదంటే నేను ఒప్పుకోను. మూత్రకృచ్ఛ్రం అని రాయకండి, మంట అని రాయండి, మహా అయితే "మంటగా, కష్టంగా రావడం" అనండి. పార్శ్వ భాగంలో నొప్పి అని ఎందుకు? డొక్కలో నొప్పి అంటే సరిగ్గా అదే చోటు. రాయి నొప్పి డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగుతుంది. ఈ రెండు మాటలు చాలు, చదివినవాళ్లు తమ ఒంటి మీద వేలు పెట్టి చూసుకోగలరు.

చిక్కు అవయవాల పేర్లతోనే. అది చిన్న చిక్కు కాదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మా తమ్ముడికి కొన్నేళ్ల కిందట రాయి వచ్చింది. 9 మిల్లీమీటర్లు. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి గానీ, ఇది కిడ్నీ నుంచి దిగి, మూత్రాశయంలోకి చేరే చోట, అంటే ఆ గొట్టం అన్నిటికన్నా ఇరుకుగా ఉండేచోట, ఇరుక్కుపోయింది. లేజర్‌తో పగలగొట్టారు. ఆపరేషన్ బాగా జరిగింది, అందులో వంక పెట్టడానికేమీ లేదు. అది అయ్యాక రెండు గొట్టాలు వేశారు. ఒకటి క్యాథెటర్, మూత్రాశయంలోని మూత్రాన్ని బయటికి తీసే గొట్టం. అది బయటికి కనిపిస్తుంది, చివర సంచి వేలాడుతుంది. రెండోది డీజే స్టెంట్, కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టంలో పెట్టేది. అది లోపలే ఉంటుంది, బయటికి ఏమీ కనిపించదు.

మర్నాడు పొద్దున నర్సు వచ్చి క్యాథెటర్ తీసేసి "ట్యూబు తీసేశాం, ఇక మామూలుగా వెళ్లొచ్చు" అంది. నిజమే చెప్పింది. నేనప్పుడు ఊళ్లో లేను. సాయంత్రం ఫోన్ చేస్తే "ట్యూబు తీసేశారక్కా, ఇంటికి వచ్చేశాను" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ఏ ట్యూబు అని నేనూ అడగలేదు. ఇన్నేళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని, నేనైనా అడగాలి కదా.

ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన కాగితంలో అంతా ఇంగ్లీషే. మూడో పేజీలో "డీజే స్టెంట్ ఇన్ సిటూ" అని ఒక ముక్క. ఇన్ సిటూ అంటే ఉన్నచోటే ఉంది అని అర్థం, లాటిన్ మాట. దాని కింద నాలుగు వారాల తర్వాత రమ్మని ఉంది. వాడు దాన్ని మామూలు చెకప్ అనుకున్నాడు. ఒంట్లో బాగానే ఉంది, వెళ్లలేదు. పైగా వాడి దగ్గర ఒక పత్రిక కత్తిరింపు ఉంది, రాళ్ల మీద వచ్చిన వ్యాసమే. మీ పత్రికదో, ఇంకొకరిదో ఇప్పుడు చెప్పలేను, పై అంచు చిరిగిపోయింది. అందులో "మూత్రనాళంలో అమర్చిన గొట్టాన్ని ఒకటి రెండు రోజుల్లో తొలగిస్తారు" అని ఉంది. దాని కింద వాడు గీత కూడా గీసుకున్నాడు. రాసినవారు క్యాథెటర్ గురించి రాశారు. మా వాడు మొత్తం గొట్టాల గురించి చదువుకున్నాడు.

ఎనిమిది నెలలకు మళ్లీ మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, సాయంత్రమయ్యేసరికి ఎర్రగా పడటం. మళ్లీ రాయేమో అని ఎక్స్‌రే తీయించి నా దగ్గరికి తెచ్చాడు. ఫిల్మును కిటికీకి ఆనించి చూశాను. వెన్నుపూసలకు పక్కగా సన్నటి తెల్లటి గీత, పైన ఒక చుట్ట, కింద ఒక చుట్ట. రెండు చివర్లా ఇంగ్లీషు జే అక్షరంలా వంపు తిరిగి ఉంటుంది కాబట్టే దానికి డబుల్ జే అని పేరు. పై చుట్ట కిడ్నీలో, కింది చుట్ట మూత్రాశయంలో కూర్చుని జారిపోకుండా పట్టుకుంటాయి. పై చుట్ట దారంలా సన్నగానే ఉంది. కింది చుట్ట మాత్రం బొటనవేలంత లావైంది. ప్లాస్టిక్ దారం చుట్టూ రాయి పేరుకుపోయింది, వత్తి చుట్టూ మైనం పేరుకున్నట్టు.

"ఇది తీసేశారుగా అక్కా?" అన్నాడు.

"తీసింది ఇది కాదురా. అది కింది గొట్టంలోది, మర్నాడే తీశారు. ఇది పై గొట్టంలోది."

"రెండూ మూత్రనాళమేగా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే తెలుగులో చదివినవాడికి రెండూ మూత్రనాళమే.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. వాడి ఆఫీసులో ఒకాయనకు గుండెలో స్టెంట్ వేశారు. అది జన్మంతా ఉండేది. కాబట్టి ఒకవేళ స్టెంట్ అన్న మాట చెవిన పడినా మా వాడు కంగారుపడి ఉండేవాడు కాదు. గుండెలో వేసేది లోహపు జాలీ, వేశాక తీయరు. మూత్రవ్యవస్థలో వేసే ఈ స్టెంట్ తాత్కాలికం, సాధారణంగా కొన్ని వారాల్లో తీసేస్తారు. మూడు నెలలు దాటేకొద్దీ దాని మీద రాయి పేరుకునే ప్రమాదం పెరుగుతూ పోతుంది. వేళకు వెళ్లి ఉంటే కింది గొట్టం గుండా సన్నటి కెమెరా పంపి, ఆ చుట్టను పట్టుకుని లాగేసేవారు, కొద్ది నిమిషాల పని. ఇప్పుడు ముందు చుట్ట మీది రాయిని పగలగొట్టి, ఇంకో రోజు స్టెంట్ తీయాల్సి వచ్చింది. రెండుసార్లు మత్తు ఇచ్చారు. దేవుడి దయవల్ల కిడ్నీకి ఏమీ కాలేదు. ఇలా మరిచిపోయిన స్టెంట్ల వల్ల కిడ్నీయే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇది మా ఇంటి వింత కాదు, "మరిచిపోయిన స్టెంట్" అని వైద్య పత్రికల్లో దానికో పేరే ఉంది.

తప్పు ఎవరిదంటే అందరిదీ తలా కాస్త. తమ్ముడిది, నాది, కాగితం రాసినవాళ్లది. కానీ ఆ కత్తిరింపు కింద గీసిన గీత నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఇంగ్లీషులో కూడా ఈ రెంటి పేర్లు కవలపిల్లల్లాంటివే. యురేటర్, యురెత్రా. రెండూ మూత్రానికి గ్రీకులో ఉన్న మాట నుంచే పుట్టాయి. కొత్తగా చేరిన టెక్నీషియన్ పిల్లలు ఒకదాని బదులు ఒకటి రాయడం నేనే దిద్దాను. వాళ్ల భాషలో పడిన ముడి అది. మనం దాన్ని తెచ్చి మన భాషలో ఇంకా బిగించి కట్టడం దేనికి? బడి పుస్తకంలో కింది గొట్టానికి ప్రసేకం అని ఉండేది. చక్కటి మాట. పరీక్ష రాశాక ఆ మాట మళ్లీ ఎవరైనా అన్నారా అంటే నేనైతే వినలేదు. మూత్రమార్గం అంటే కొంత నయం గానీ, కొందరు దాన్ని మొత్తం వ్యవస్థకూ వాడుతున్నారు.

నేను బల్ల దగ్గర పై గొట్టాలు, కింది గొట్టం అనేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి. ఒక్కరు కూడా పొరబడలేదు. పై గొట్టాలు రెండు, కిడ్నీకి ఒకటి చొప్పున. ఒక్కోటి 25 నుంచి 30 సెంటీమీటర్లు. కింది గొట్టం ఒక్కటే. ఆడవాళ్లలో అది దాదాపు 4 సెంటీమీటర్లు, మగవాళ్లలో దాదాపు 20. ఈ రెండు అంకెలు చెబితే ఆడవాళ్లకు ఇన్ఫెక్షన్లు ఎందుకు ఎక్కువో వేరే వివరించనక్కర్లేదు. బయటి సూక్ష్మజీవికి మూత్రాశయం అంత దగ్గర. మీ వ్యాసంలో "శరీర నిర్మాణ కారణాల వల్ల" అని ఒక ముక్క రాసి వదిలేశారు. ఆ మాట చదివి ఎంతమంది ఆడవాళ్లు తమలోనే ఏదో లోపం ఉందనుకున్నారో.

ఇక "మూత్రం రావడం లేదు" అన్న మాట చూడండి. వ్యాసంలో దాన్ని రెండుసార్లు వాడారు, రెండు అర్థాల్లో. కిడ్నీలు తయారుచేయకపోతే రాదు. తయారై మూత్రాశయం నిండినా, దారి మూసుకుపోతే రాదు. మొదటిదాంట్లో పొత్తికడుపు ఖాళీగా ఉంటుంది. రోజు మొత్తానికి 100 మిల్లీలీటర్లు కూడా రాకపోతే డాక్టర్లు దాన్ని అన్యూరియా అంటారు. రెండోదాంట్లో పొత్తికడుపు బిందెలా ఉబ్బి, చెయ్యి వేస్తే ప్రాణం పోయినంత పని అవుతుంది. క్యాథెటర్ వేయగానే మనిషి మళ్లీ మనిషవుతాడు. రెండూ ఆలస్యం చేయకూడనివే, కానీ పూర్తిగా వేరు. పెద్దవాళ్లు రెండోదాన్ని నీరుకట్టు అనేవారు. ఎంత సరైన మాట! కట్ట వేసినట్టు నీరు ఆగిపోవడం. ఒళ్లు నీరు పట్టడం మళ్లీ వేరు, అది కాళ్లూ మొహమూ ఉబ్బడం. ఇన్ని వేరువేరు మాటలు ఇంట్లో పెట్టుకుని, పత్రికలో "మూత్ర సమస్యలు" అని ఒకే మూటలో కట్టేస్తున్నాం.

"మూత్రం ఎక్కువగా రావడం" కూడా అంతే. ఎక్కువగానా, ఎక్కువసార్లా? ఈ ప్రశ్న నేను కొన్ని వేలసార్లు అడిగి ఉంటాను. రోజుకు ఇరవైసార్లు వెళ్లి ప్రతిసారీ రెండు చెంచాలు పోసేవారికి ఉన్నది ఒక జబ్బు, మూత్రాశయంలో ఏదో రేగింది. రోజుకు మూడు లీటర్లు దాటి పోసేవారికి ఉన్నది ఇంకో జబ్బు, అది చక్కెర కావచ్చు, మరొకటి కావచ్చు. రెండోవారిని కనిపెట్టడానికి 24 గంటల మూత్రం పట్టమనేవాళ్లం. అదో ప్రహసనం. పొద్దున లేవగానే మొదటిసారి వచ్చింది పారబోయాలి, గడియారం చూసుకోవాలి, ఆ తర్వాత వచ్చిందంతా డబ్బాలో పట్టాలి, మర్నాడు పొద్దున అదే వేళకు వచ్చింది కూడా అందులోనే కలపాలి. చెప్పడం తేలిక. పదిమందిలో ముగ్గురు మొదటిది కూడా పట్టేవారు. ఒకాయన మర్యాద కొద్దీ ఆఫీసులో పట్టలేదు, ఇంటిది మాత్రమే తెచ్చాడు. "ఆఫీసుది లెక్కలోకి వస్తుందని నాకు తెలియదమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రిపోర్టుల భాష మీద కూడా ఎప్పుడైనా ఒక పేజీ వేయండి. మీ పాఠకుల్లో చాలామంది ఆస్పత్రికన్నా ముందు ఆ కాగితంతోనే కుస్తీ పడతారు. అందులో "పస్ సెల్స్ 2-4" అని ఉంటుంది. దాన్ని "చీము కణాలు" అని తెలుగు చేస్తారు. అంతే, కిడ్నీల్లో చీము పట్టిందని ఇల్లంతా ఏడుపు. అవి తెల్ల రక్తకణాలండీ. మేం చేసేదేమిటంటే, మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి, యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున చేరిన మడ్డిలో ఒక్క చుక్క గాజు పలక మీద వేసి చూస్తాం. మైక్రోస్కోపులో గుండ్రటి వెలుగు కనిపిస్తుంది. ఆ గుండ్రంలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టి, పలకను జరిపి మళ్లీ లెక్కపెట్టి, సగటు రాస్తాం. అయిదు లోపు ఉంటే మామూలే. ఒక్కో గుండ్రానికి అని చెప్పడానికే పక్కన "హెచ్‌పీఎఫ్" అని వేస్తాం. "నాకు హెచ్‌పీఎఫ్ అనే జబ్బు ఎప్పట్నుంచి ఉందంటారు?" అని అడిగిన పెద్దాయన ఒకరున్నారు.

ఆ గుండ్రంలో నాకు ఇష్టమైనది మాత్రం కాల్షియం ఆక్సలేట్ స్ఫటికం. చిన్న చదరం, దాని మీద మూల నుంచి మూలకు రెండు గీతలు. అచ్చం ఉత్తరం కవరు వెనక మడతల్లా ఉంటుంది. చాలామంది రాళ్లలో ఉండేది ఆ పదార్థమే. కానీ స్ఫటికం కనిపించినంత మాత్రాన రాయి ఉన్నట్టు కాదు, ఈ మాటా రిపోర్టులో ఎవరూ రాయరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట "సెన్సిటివ్". ఇన్ఫెక్షన్ ఉంటే మూత్రాన్ని కల్చర్ చేసి, పెరిగిన సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతుందో చూస్తారు. ఒకటి రెండు రోజులు పడుతుంది. వచ్చిన కాగితంలో మందుల వరస, ఎదురుగా సెన్సిటివ్ లేదా రెసిస్టెంట్. ఒకావిడ ఆ కాగితం చూసుకుని, డాక్టరు రాసిన మాత్రలు మానేసింది. ఏమమ్మా అంటే, "నా ఒంటికి ఆ మందు సెన్సిటివ్ అని మీరే రాశారు కదా, పడదేమోనని" అంది. సెన్సిటివ్ అన్నది ఆవిడ కాదు, ఆ సూక్ష్మజీవి. ఆ మందుకు అది చస్తుంది అని అర్థం. రెసిస్టెంట్ అంటే చావదని. "లొంగుతుంది, లొంగదు" అని రెండు తెలుగు ముక్కలు ఆ కాగితం మీద అచ్చువేయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది?

సిస్టైటిస్ అని విని సిస్ట్ ఉందనుకున్నవాళ్లకు లెక్కలేదు. సిస్ట్ అంటే నీటితిత్తి, సిస్టైటిస్ అంటే మూత్రాశయం వాచి మండటం. గ్రీకులో తిత్తికీ మూత్రాశయానికీ ఒకటే మాట కావడం వల్ల వచ్చిన తంటా. అలాగే స్కానింగ్‌లో హైడ్రోనెఫ్రోసిస్ అని వస్తే దాన్ని "కిడ్నీకి నీరు పట్టింది" అంటారు. మా వదిన వరసావిడ ఒకరు అది విని నీళ్లు తాగడం మానేసింది. తాగిన నీళ్లు వెళ్లి కిడ్నీలో చేరతాయని ఆవిడ లెక్క. కింద ఎక్కడో అడ్డుపడి, బయటికి పోవాల్సిన మూత్రం వెనక్కి నిలిచి కిడ్నీ ఉబ్బింది, అంతే. "కిడ్నీలో మూత్రం నిలిచి ఉబ్బింది" అని ఉంటే ఆవిడ అడ్డు ఎక్కడా అని అడిగేది.

క్రియాటిన్, క్రియాటినిన్ ఒకటి కావు. ఒక్క "ని" తేడా. మొదటిది కండరాల్లో ఉండే సరుకు, కండలు పెంచే కుర్రాళ్లు డబ్బాల్లో కొనేది. రెండోది దాన్నుంచి పుట్టే చెత్త, కిడ్నీలు బయటికి పంపేది. మీ వ్యాసంలో ఒకే వాక్యంలో రెండూ వచ్చాయి, అచ్చుతప్పే అనుకుంటాను.

ఇక శీర్షిక: "ఫెయిలవుతున్న కిడ్నీలు". ఫెయిల్ అంటే మనకు పరీక్షే గుర్తొస్తుంది. తప్పాడు, అయిపోయింది. కానీ వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరు పోయి ఉన్నట్టుండి దెబ్బతిన్న కిడ్నీ చాలాసార్లు తేరుకుంటుంది. దాన్నే మీ వ్యాసంలో, అక్యూట్ కిడ్నీ ఇంజురీ అన్న ఇంగ్లీషు పేరును తెలుగు చేసి, "తీవ్రమైన మూత్రపిండాల గాయం" అని రాశారు. చదివినవాళ్లు ఎవరో పొడిచారనుకోరూ? అక్యూట్ అన్న మాటకు ఇక్కడ ఉన్నట్టుండి అని అర్థం, తీవ్రం అని కాదు. క్రానిక్ అంటే ముదిరిపోయిందని కాదు, మూడు నెలలకు పైగా ఉన్నదని. అందులోనూ అయిదు మెట్లున్నాయి. మొదటి రెండు మెట్ల మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. కిడ్నీల వడపోత వేగం నిమిషానికి 15 మిల్లీలీటర్ల కన్నా తగ్గిన అయిదో మెట్టునే ఫెయిల్యూర్ అనాలి. మీ శీర్షిక అయిదు మెట్లనూ ఒక్క తోపుతో కిందికి తోసేసింది.

పేర్లు మార్చడం మన చేతుల్లో లేదు అనకండి. పెద్ద పెద్ద వైద్యులే మారుస్తున్నారు. కిడ్నీ జబ్బుల మార్గదర్శకాలు తయారుచేసే కేడీగో అన్న అంతర్జాతీయ సంస్థ 2019లో ఇదే పని మీద సమావేశమై, 2020లో మాటల పట్టిక ప్రచురించింది. రీనల్, నెఫ్రో అన్న లాటిన్, గ్రీకు ముక్కలు తగ్గించి, రోగికి అర్థమయ్యేలా కిడ్నీ అనే రాయమంది. "ఆఖరి దశ" అన్న మాట మానేయమంది, వినేవాళ్ల గుండె జారిపోతుందని. 2022లో ఇంకో మార్పు వచ్చింది. డయాబెటిస్ ఇన్సిపిడస్ అని ఒక జబ్బు ఉంది. దానికీ చక్కెరకూ సంబంధం లేదు, నీటిని ఆపే హార్మోను లోపం వల్ల లీటర్ల కొద్దీ మూత్రం పోతుంది. పేరులో డయాబెటిస్ ఉండటంతో ఆస్పత్రుల్లోనే కొందరు దాన్ని చక్కెర జబ్బుగా పొరబడి, అవసరమైన మందు ఇవ్వకుండా ఆపేశారు. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. చివరికి పేరే మార్చారు. ఇప్పుడు దాన్ని ఆ హార్మోను పేరుతో, వేసోప్రెసిన్ లోపం అంటున్నారు. పాతుకుపోయిన పేరును వాళ్లు పీకగలిగినప్పుడు, మూత్రనాళం అన్న మాటను మీరు ఒక్క గొట్టానికి కట్టేయలేరా?

నేను కొత్త నిఘంటువు వేయమనడం లేదు. మీ దగ్గర ఊళ్ల పేర్లు ఎలా రాయాలో, అంకెలు ఎలా వేయాలో ఒక కాగితం ఉండే ఉంటుంది. దాని చివర నాలుగు పంక్తులు చేర్చండి చాలు. కిడ్నీ అనండి, మూత్రపిండం అనండి, ఏదైనా సరే, ఒకే వ్యాసంలో రెండూ కలపొద్దు. మూత్రనాళాలు అంటే పైవి రెండూ మాత్రమే. కింది గొట్టానికి మీకు నచ్చిన పేరు పెట్టండి, నా మాట నచ్చకపోతే ప్రసేకం అనే వేయండి, పక్కన ఒక ముక్క వివరణతో. మొత్తం వ్యవస్థకు మూత్రవ్యవస్థ ఉండనే ఉంది. స్టెంట్ అని రాసిన ప్రతిచోటా గుండెదా, మూత్రనాళానిదా, తీయాల్సిందా, ఉంచాల్సిందా అన్నది అదే వాక్యంలో ఉండాలి. ఇది మాత్రం నేను బతిమాలి అడుగుతున్నాను.

ఇంకొకటి. వ్యాసం మూడో నిలువు వరసలో, కింది నుంచి ఆరో పంక్తిలో "శస్త్రచికిత్స తర్వాత మూత్రనాళంలో ఉంచిన గొట్టాన్ని మర్నాడు తీసేస్తారు" అని మళ్లీ అదే వాక్యం వచ్చింది. వచ్చే ఆదివారం అదే పేజీలో "మూత్రనాళంలో" అన్నచోట "మూత్రాశయం నుంచి బయటికి వచ్చే దారిలో" అని చదువుకోవాలంటూ సవరణ వేయండి. చిన్న అక్షరాల్లో కాకుండా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్